చిరగని ప్యాంటు తెచ్చిన మహానుభావుడికి

నేను డ్యూటీకి వెళ్తున్నాను. చిన్నది లేచాక పాలు పట్టి, కుర్చీ మీద పెట్టిన ప్యాంటు వేసి, మా అక్కవాళ్లింట్లో దించి నీ పనికి వెళ్లు. మొన్న నువ్వు తెచ్చిన "జన్మలో చిరగని" ప్యాంటు వంటింటి గట్టు తుడిచే గుడ్డయింది.

షాపులో ఏం చేసుంటావో నాకు తెలుసు. రెండు చేతులతో లాగి చూసి, గట్టిదేనని తలూపుంటావు. పిల్లలు ప్యాంట్లని చేతులతో చింపరయ్యా, మోకాళ్లతో చింపుతారు! పొద్దస్తమానం మోకాళ్ల మీద పాకుతూ ఊళ్లోవాళ్లందరికీ టైల్స్ వేసే మనిషికి ఇది కూడా ఒకరు చెప్పాలా? తమరి మోకాళ్లకైతే ప్యాడ్లు కావాలి, పిల్లకి మాత్రం ఉల్లిపొర చాలు. పైగా "దాన్ని కాస్త అదుపులో పెట్టు" అని నాకు నీతులొకటి!

నీ పాత ప్యాడ్ల కోసం వెతక్కు. కత్తిరించి ఈ ప్యాంటుకి లోపల మోకాళ్ల దగ్గర కుట్టేశాను.

అన్నట్టు, దాని ప్యాంట్లు ఎలా చిరుగుతున్నాయో నిన్న చూశాను. బొమ్మల పుస్తకాలన్నీ హాల్లో వరసగా పరుస్తూ, మోకాళ్ల మీద వెనక్కి వెనక్కి జరుగుతోంది. ఏంటే ఇది అంటే "నాన్న పని" అంది. మధ్యలో ఆగి, నడుం పట్టుకుని "అమ్మా" అని మూలుగుతోంది కూడా. ఆదివారం నీ వెంట పనికి తీసుకెళ్లావుగా, అక్కడే చూసుంటుంది. నా దగ్గరేమో ఏ నొప్పీ లేదంటావు. సాయంత్రం వచ్చి నూనె రాస్తాను, నోరెత్తకుండా బోర్లా పడుకో.