తలకిందుల పిట్ట

బాపూ,

అమ్మ పుట్టింటికి వెళ్లినప్పుడల్లా, ఆమెకు చదువు రాదని, కార్డు మీద ఇంట్లో మనిషికో పిట్ట బొమ్మ స్టాంపు గంజితో అంటించి పంపేవాడివి. ఆమె నవ్వాలని నీ పిట్టను మాత్రం తలకిందులుగా పెట్టేవాడివి.

కరోనా వార్డులో ఉన్న అమ్మకు ఇవాళ అన్నం డబ్బాతో అలాంటి కార్డే పంపాను. మొన్న నువ్వు పోయిన సంగతి ఆమెకింకా చెప్పలేదు. భయంలో మరిచిపోయి నీ పిట్టను నిటారుగా అంటించాను.

ఇందాక ఆయా ఫోన్ కలిపి ఇచ్చింది. అమ్మ రొప్పుతూ అడిగింది: "మీ బాపు పిట్ట గిట్ల సక్కగున్నదేందే? ఆయన అంటియ్యలేదా?"

"బాపు కార్ఖానకు పోయిండమ్మా" అన్నాను.

మనముండే ఈ సూరత్‌లో కరోనాకు కార్ఖానాలన్నీ బందైన సంగతి అమ్మకు తెలుసు. ఫోన్ ఆయాకు ఇచ్చేసింది.

రేపటి కార్డుకు నీ పిట్టను తలకిందులుగా పట్టుకున్నాను. గంజి ఆరిపోతోంది, ఇంకా అంటించలేదు.