పెదనాన్న అద్దం మీద కొండలు

పెదనాన్నకు నమస్కారాలు.

మీరు పంపిన అద్దం బిళ్ళ భద్రంగా చేరింది. సానచక్రం మోతలో మీకు ఫోను వినపడదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇవాళే దాన్ని మా ల్యాబులో యంత్రంలో పెట్టాను. ఇది కంటితో చూసే మైక్రోస్కోపు కాదు, తడిమి చూసేది. దీనికో సూది ఉంటుంది, దాని మొన కొన్ని అణువుల వెడల్పే. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టు అద్దం మీద వరసలు వరసలుగా పోతూ ఎక్కడ ఎత్తో, ఎక్కడ పల్లమో చెబుతుంది. కంప్యూటరు దాన్ని బొమ్మగా గీస్తుంది. చూసి మురిసిపోతారని ఆ బొమ్మ కూడా పంపుతున్నాను. మీ బిళ్ళ మా పెద్దసారుకి నచ్చిందంటే ఇకముందు మాకు కావలసినవన్నీ మీ దగ్గరే చేయిస్తారు.

మీ చిట్టి

తా.క. ఎర్రరంగు కంప్యూటరు వేసింది. అద్దానికేమీ కాలేదు, పెద్దమ్మని కంగారుపడొద్దనండి.

*

చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

బొమ్మ చూశాను. చూసి పీట మీద కూలబడిపోయాను. అద్దం పంపితే కొండలూ లోయలూ పంపావేమిటే? నలభై ఏళ్ళుగా నా అద్దం మీద ఈగ వాలితే జారిపడుతుందని చెప్పుకు తిరిగినవాణ్ణి. ఎదురుకొట్టు టైలరుకి చూపిస్తే, ఇందులో మేక తప్పిపోతే మళ్ళీ దొరకదు అన్నాడు. మీ పెద్దమ్మ ఒక్క మాటా అనలేదు. పెళ్ళయ్యాక ఇలా జరగడం ఇదే మొదలు, అందుకే ఇంకా భయం వేసింది. నేను చేసిన కళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళు ఎదురైతే పక్కసందులోకి తప్పుకుంటున్నాను. పాపం, ఈ గుట్టల్లోంచి ఇన్నాళ్ళూ ఎలా చూశారో. కొట్టు బోర్డు దించేశాను.

పెదనాన్న

తా.క. కుడివైపు మూల గుండ్రటి గుట్టలు గుంపుగా ఉన్నాయి కదా, వాటి మీదికి దారెటు అని టైలరు అడుగుతున్నాడు. నేను వాడితో మాట్లాడటం మానేశాను.

*

పెదనాన్నకు నమస్కారాలు.

కొంప ముంచాను. అసలు సంగతి రాయడం మరిచిపోయాను. ఎత్తులు కంటికి ఆనాలని కంప్యూటరు వాటిని వేల రెట్లు సాగదీసి చూపిస్తుంది. మీ బిళ్ళ ఊరంత అయిందనుకోండి, మీ కొండలు వెంట్రుక మందం కూడా ఉండవు. బోర్డు వెంటనే ఎక్కించండి.

కాకపోతే ఆ మూలనున్న గుండ్రటి గుట్టల సంగతి వేరు. అవి అద్దానివి కావు, జిడ్డు బొట్లు. అనుమానం వచ్చి బిళ్ళని దీపం దగ్గర ఏటవాలుగా పట్టి చూస్తే నిండు బొటనవేలి ముద్ర కనిపించింది. పెద్దసారు కూడా చూశారు. "నునుపు చేసిన అద్దాన్ని వేలితో ముట్టుకునేవాడు పనివాడు కాడు. ఇంకొకర్ని చూడండి" అన్నారు. పెదనాన్నా, ఏదో ధ్యాసలో ఒక్కసారి ముట్టుకుని ఉంటారు. పొరపాటయిందని రెండు ముక్కలు రాయండి. మిగతాది నేను నచ్చజెబుతాను.

మీ చిట్టి

తా.క. ఆ గుట్టలు ఎక్కడం కుదరదని టైలరుగారికి చెప్పండి. జిడ్డువి, జారతాయి.

*

చిట్టికి.

కొండలన్నావు, ఊరుకున్నాను. వేలు పెట్టానన్నావు. ఉత్తరం చేతిలోంచి జారిపోయింది, మీ పెద్దమ్మ తీసి మళ్ళీ చదివి వినిపించాల్సి వచ్చింది. నా కొట్లో చివరిసారి కడిగాక అద్దాన్ని అంచులు పట్టుకునే ఎత్తుతాం. తుమ్ము వస్తే వీధిలోకి వెళ్ళి తుమ్ముతాం. మీ నాన్న చిన్నతనంలో ఒక్కసారి మధ్యలో ముట్టుకున్నాడు. తమ్ముడని కూడా చూడకుండా ఆ రోజే పని మానిపించాను. వాడు బళ్ళో మాస్టరయింది అందుకే.

ఈ కాగితం అడుగున నల్లగా ఉన్నది నా బొటనవేలి ముద్ర. దాన్ని కూడా నీ సూదితో తడుము, ఒక్క గీత దొరకదు. అద్దాలు సానపట్టే ఎమరీ పొడి ఎప్పుడో తినేసింది. వేలిముద్ర అడిగే ఏ ఆఫీసులోనూ యంత్రం నన్ను మనిషి కింద ఒప్పుకోదు. దాని పక్కన మీ పెద్దమ్మది, టైలరుది, పార్సిలు పట్టుకెళ్ళిన పోస్టుమ్యానుది వేయించాను. చేయని తప్పుకి పొరపాటయిందని రాయను. ఆ వేలు ఎవరిదో తేలేదాకా సానచక్రం ముట్టను. తేలకపోతే కొట్టు మూసేసినట్టే.

పెదనాన్న

తా.క. చివర చెదిరినట్టున్నది పిల్లి ముద్ర. అది ఒప్పుకోలేదు. నా చేతికి కట్టు పడింది.

*

పెదనాన్నకు,

మొదటి వాక్యం నాలుగుసార్లు కొట్టేశాను. మీరు పంపిన ముద్రల్లో ఏదీ కలవలేదు. మీ వేలికి గీతలు లేకపోవడం చూసి మా పెద్దసారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. నాకేమో కోపం నెత్తికెక్కింది. మా పెదనాన్న పరువు తీసిందెవరో ఇవాళ తేలాల్సిందే అని గదిలో ఉన్న అయిదుగురి చేతా ముద్రలు వేయించాను. పెద్దసారునీ వదల్లేదు, ఆయన బిత్తరపోయి వేలు చాపారు. అవీ కలవలేదు. అప్పుడాయన మెల్లగా, "ఇంకో వేలుంది కదమ్మా" అన్నారు. నవ్వుతూ నాదీ వేశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసేసరికి గీతకి గీత కలిసిపోయింది.

ఆ వేలు నాది, పెదనాన్నా. పెట్టె విప్పిన సంబరంలో వట్టి చేత్తోనే బిళ్ళ పట్టుకుని మొహం చూసుకుని, ఆ తర్వాత చేతి తొడుగులు వేసుకున్నాను. నా వేలు మీకు అంటగట్టి క్షమాపణ కూడా అడిగించబోయాను. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను, నన్ను క్షమించండి.

బిళ్ళ కడిగి మళ్ళీ మళ్ళీ తడిమించాం. ఎక్కడా రెండు మూడు అణువులకి మించి ఎత్తు లేదు. యంత్రాన్ని సరిచూసుకోమని కంపెనీవాళ్ళిచ్చిన నమూనా బిళ్ళ దీని ముందు గతుకుల రోడ్డే. పెద్దసారు దాన్ని తీసి బీరువాలో పెట్టించేశారు. ఇక రోజూ మీ అద్దాన్ని తడిమించి చూస్తాం, అందులో కొండ కనిపిస్తే మా యంత్రం చెడిపోయినట్టు లెక్క.

మీ చిట్టి

తా.క. బిళ్ళలన్నీ మీరే చేయాలని పెద్దసారు చెప్పమన్నారు. ఈసారి పెట్టె మీద నా పేరు మాత్రం రాయకండి. దాన్ని విప్పే పని నా దగ్గర్నుంచి తీసేశారు.