తిరిగే డిస్కుల లైను

అయుత్తయ

చెల్లీ లమ్దువన్,

నువ్వు సురిన్‌లో కుట్టుపని మానేశావని అమ్మ ఫోన్లో చెప్పింది. ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తాను రమ్మన్నది నేనే. ఈ ఉత్తరం ముందే రాయవలసింది. చెయ్యి రాలేదు.

మా హార్డ్ డిస్కుల లైను మూసేస్తున్నారు. సోమవారం భోజనాల వేళ సూపర్‌వైజరు ప్రసోంగ్ అందరినీ పిలిచి చెప్పాడు. బ్యాంకులు, పెద్ద కంపెనీలు తమ లెక్కలూ కాగితాలూ అన్నీ ఎస్‌ఎస్‌డీలనే చిప్పుల పెట్టెల్లోకి మార్చుకుంటున్నాయట. మన డిస్కులు అడిగేవాళ్ళు లేరట.

నాకు పని నేర్పిన బువలై పిన్ని ఊరుకోలేదు.

"వాటిలో తిరిగేది ఏముంటుందయ్యా?"

"ఏమీ తిరగదు పిన్నీ. కదిలే ముక్కే లేదు."

"అయితే మా చేతులతో మీకు పనేముందిలే!"

అందరం నవ్వాం. పిన్ని కూడా నవ్వుతూనే టోపీ తీసి కళ్ళు తుడుచుకుంది.

ఎస్‌ఎస్‌డీల కోసం కొత్త లైను పెడుతున్నారు. అక్కడ పనంతా యంత్రాలదే, మనుషులు కొద్దిమందే. నీకోసం ప్రసోంగ్‌ను బతిమాలి ఒప్పించిన చోటు ఆ లైనులోదే. ఇప్పుడు నా చోటూ పోతోంది కనుక, "మీ ఇంట్లో ఒక్కరికే ఇవ్వగలను. నువ్వో, నీ చెల్లెలో తేల్చుకో" అన్నాడు.

"నేనే" అన్నాను. నిన్ను అడిగి చెబుతానని కూడా అనలేదు.

కుట్టు దుకాణం ఆవిడ దగ్గరికి వెళ్ళి మళ్ళీ పని అడుగు. అక్క మాట నమ్మి మానేశానని చెప్పు. ఆవిడ కాదంటే ఇక్కడికే వచ్చెయ్యి, వేరే పని వెతుకుదాం. నా మొహం చూడబుద్ధి కాకపోయినా రా.

మీ అక్క