ఆస్పత్రి దిండు

ఏమండీ,

ఈవేళ ఉప్పలగుప్తంలో మా బడికి ఇన్‌స్పెక్షన్. మీరు కాలవగట్టు మీద నడక ముగించుకుని వచ్చేలోపే బస్సెక్కేస్తాను. ఆనపకాయ పులుసు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకోండి. మధ్యాహ్నానికల్లా నీళ్ల సీసా ఖాళీ అవ్వాలి. స్కాన్ రిపోర్టు బీరువాలో పెట్టేను, మళ్ళీ తీసి చదవకండి.

నిన్న డాక్టరుగారు చెప్పింది నేనూ విన్నానండీ. రోబో ఆపరేషన్‌తో గడ్డ వరకే తీసేరు, కిడ్నీ దక్కింది, ఆరు నెలలైంది, చక్కగా పనిచేస్తోంది, గడ్డ జాడ లేదు. ఇక అన్ని పనులూ చేసుకోవచ్చన్నారు. మీరు "ఆయ్" అని తలూపి, ఇంటికొచ్చి మళ్ళీ ఆ దిండు మన మధ్యన పెట్టుకునే పడుకున్నారు.

దగ్గొస్తే కుట్లు కదలకుండా పొట్టకి అదుముకోమని నర్సమ్మ ఇచ్చిన దిండు అది. కుట్లు ఎప్పుడో మానిపోయేయి. మీ చెయ్యి నా మీద పడితే తప్ప నిద్ర పట్టనిదాన్ని, ఆరు నెలలుగా ఆ దిండు అంచు పట్టుకుని పడుకుంటున్నాను. మీకు భయమని తెలుసు. నాకూ భయమే. కానీ మీరు పక్కనే ఉండి కూడా నాకు బెంగగా ఉందండీ.

సుగుణ

దిండు కోసం ఇల్లంతా వెతక్కండి. బడికి పట్టుకెళ్తున్నాను, స్టాఫ్ రూములో నా కుర్చీలో వేసుకుంటాను. సాయంత్రం నేనొక్కదాన్నే వస్తాను.