చేపల కొట్టు మంచు

అమ్మకి,

నీ పెద్దది దణ్ణం పెట్టి రాసేది. ఇక్కడ నేను, మీ అల్లుడుగారు, ఆవు, మూడు మేకలు, పది బాతులు, మిగిలిన ఆరు కోళ్లు అంతా కులాసా. అక్కడ నువ్వు, చెల్లి, మరిది, చంటిపిల్ల కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. చంటిది ఒకటే ఏడుపు అని రాశావు. వాళ్లమ్మ తక్కువ తిందా? చిన్నప్పుడు చెల్లిని ఊరుకోబెట్టలేక నువ్వు నా ఒళ్లో పడేసి పోయేదానివి. దానికి ఒకటే మందు, చెవి వెనకాల మెల్లగా నిమరాలి. కూతురికీ పనిచేస్తుందేమో చూడండి.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఇవాళ శనివారం. నాలుగు రోజులు ఎందుకు ఆగానో తర్వాత చెప్తాను, ముందు నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాయనీ.

ఆవు ఈనిందా అన్నావు. ఈనింది, పెయ్య. మిట్టమధ్యాహ్నం మీ అల్లుడుగారు వేడినీళ్ల బకెట్టు పట్టుకుని కొట్టం చుట్టూ పది ప్రదక్షిణాలు చేశారు. ఆవుకి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. చివరికి ఈయన్నే కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లు మిల్లులో దారం తెగకుండా చూసుకున్న మనిషి, దూడ బొడ్డుతాడు తెగేసరికి కళ్లు తేలేశారు.

బాతులు గుడ్లు పెడుతున్నాయి గానీ పెట్టమన్నచోట కాదు. గడ్డి పరిచి గంపలు పెడితే వాటి మొహం చూడవు, నీళ్లతొట్టి వెనక బురదలో పెడతాయి. పొద్దున్నే మోకాళ్ల మీద పాకుతూ వెతుక్కోవడం నా పని. నల్లమేక గడియ తీయడం నేర్చింది. ఒకటికి రెండు గడియలు పెట్టాం. ఇప్పుడు రెండూ తీస్తోంది. అల్లుడుగారి మోకాలు ఎలా ఉందన్నావు. నడిస్తే నొప్పి, కూర్చుంటే నొప్పి, భోజనానికి లేస్తే మాత్రం ఏ నొప్పీ లేదు.

మళ్లీ కోళ్లు తెస్తారా, లేక ఆ పని వదిలేశారా అని అడిగావు. ఇంకా తేల్చుకోలేదమ్మా. షెడ్డు కడిగి సున్నం కొట్టాం, పాత గడ్డి అంతా కాల్చేశాం. నలభై రోజులు ఖాళీగా ఉంచాలట. తలుపు తీసినప్పుడల్లా ఆ తెల్లటి గోడలు చూస్తే గుండె చెరువవుతోంది. మిల్లు మూసేశాక అందరూ నవ్వినవాళ్లే, మరలు తిప్పేవాడికి మేకలెందుకని. నువ్వొక్కదానివే నవ్వలేదు. పొదుగుకొచ్చిన కోడిపెట్టని గంపలో పెట్టుకుని బస్సులో వచ్చావు. అది తల బయటపెట్టి అరిస్తే, టికెట్టేది అని కండక్టరు అడిగితే, "నా మనవరాలయ్యా, ఒళ్లో కూర్చుంది, టికెట్టు లేదు" అన్నావట. ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వుకున్నామో. ఆ పెట్ట పిల్లలతోనే మా షెడ్డు నిండింది. తెగులొచ్చిన రెండో రోజునే అది మెడ వంకర తిరిగి పడిపోయింది. దాన్ని నేనే పూడ్చాను. ఆ రోజు నీకోసం ఏడ్చాను, అమ్మకి ఎలా చెప్పనా అని.

ఇక నీ ఉత్తరంలో చివరి ప్రశ్న. నీ మాటల్లోనే రాస్తున్నాను. "పోనీలే పెద్దదానా, ఎవరి కర్మ వాళ్లది. ఆ రోజు దార్లో మంచు కరక్కపోయుంటే మాత్రం అవి బతికేవంటావా?"

అమ్మా, నేను నీకు మంచు గురించి ఎప్పుడూ రాయలేదు.

కోళ్లు పోతున్నాయని ఒక ఉత్తరం రాశాను, పాలకేంద్రం దగ్గర గొడవైందని ఇంకోటి రాశాను. రెండింట్లోనూ మంచన్న మాటే లేదు. ఉండదు కూడా, మంచు కరిగిందని నాకే తెలియదు కాబట్టి. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే నువ్వు తడుముకున్నావు.

ఉత్తరం పట్టుకుని మేకల కొట్టంలోకి వెళ్లాను. చిన్నోడు గడ్డి వేస్తున్నాడు. ఆ వాక్యం మీద వేలు పెట్టి చదవమన్నాను. చదివి ఏమన్నాడో తెలుసా నీ ముద్దుల కొడుకు?

"అమ్మ రాసేసిందా?"

అంతే. ఇంకేం అడగక్కర్లేకపోయింది. అయినా కూర్చోబెట్టి మొత్తం చెప్పించాను. టీకాలక్క సైకిలు చెడిపోయిందని, కోళ్ల కొక్కెర తెగులు మందు తానే బండి మీద తెస్తానని వాడే అన్నాడు కదా. ఆ మందు సీసా చల్లగా ఉండాలి, మంచు ఫ్లాస్కులోంచి తీసిన వెంటనే పొడిచెయ్యాలి, వేడి తగిలితే నీళ్లతో సమానం. ఇది మా ఇంట్లో మేకలకి కూడా తెలుసు. మందు తీసుకున్నాక వాడు తిన్నగా ఇంటికి రాలేదు. ఆ రోజే వ్యాను నడిపి చూపించమని పాలకేంద్రం వాళ్లు పిలిచారట, డ్రైవరు ఉద్యోగానికి. నాలుగు గంటలు వరసలో నిలబడ్డాడు. ఫ్లాస్కు మూత సరిగ్గా పెట్టలేదు, బండి మీద ఎండలో వదిలేశాడు. వచ్చి చూస్తే లోపలంతా నీళ్లే. ఇంకో సీసా తెద్దామంటే మందుల డిపో అప్పటికే మూసేశారు.

"చేపల కొట్టులో మంచు అడిగి నింపానక్కా. మందుకేం కాదులే అనుకున్నా."

మంచు కరగడం తప్పు కాదమ్మా, ఎండ ఎవరి చేతిలో ఉంది? "అక్కా, పాడైపోయింది, వారం ఆగి మళ్లీ తెద్దాం" అంటే నాలుగు తిట్లు తిట్టి అన్నం పెట్టేదాన్ని. కొత్త మంచు నింపి తెచ్చాడే, అందుకు నా కడుపు మండేది. ఆ సాయంత్రం ఫ్లాస్కు కడుగుతుంటే చేపల వాసన కొట్టింది. "మందు ఫ్లాస్కులో చేపలు తెచ్చుకుని తిన్నావురా వెధవా" అని నేనే నవ్వాను. వాడూ నాతో పాటు నవ్వాడు. నా ఇంట్లో నా కంచంలో తింటూ నవ్వాడమ్మా.

నేనూ నీకు రాయని సంగతి ఒకటుంది. ఇన్నాళ్లూ రాయడానికి మొహం చెల్లలేదు. టీకాలక్క ఆ రోజు ఫ్లాస్కు తెరిచి ఒక్క క్షణం ఆగింది. "మంచు ఇంత పెద్ద ముక్కలుగా ఉందేంటమ్మా, ఇప్పుడే వేసినట్టుంది" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "మా తమ్ముడు తెచ్చింది, వాడికి జాగ్రత్త ఎక్కువ, నువ్వు పొడువు" అన్నాను. ఆవిడ సూదిలోకి మందు లాగింది. ఒక్కో కోడినీ పట్టుకుని రెక్క కింద సూది వేసి, పేరుపేరునా బుజ్జగించి దించింది. అరవై నాలుగు కోళ్లు. తర్వాత యాభై ఎనిమిది పోయాయి.

పక్కింట్లో ఒక్క కోడికీ ఏం కాలేదు. వాళ్లకీ ఆవిడే పొడిచింది, అంతకు ముందు వారం వేరే సీసాతో. అందుకే నాకు అనుమానం వచ్చింది, మాకు కాలం చెల్లిన మందు పొడిచిందని. ఆ మాటే నీకు రాసి, ఉత్తరం చిన్నోడి చేతికే ఇచ్చి పంపాను, చంటిదాన్ని చూడ్డానికి వస్తున్నాడు కదా అని. వాడు అక్కడ కూర్చుని నీకు నిజమంతా చెప్పాడు, ఏడ్చాడట కూడా. ఆ తర్వాత కదమ్మా నువ్వు నాకు జవాబు రాసింది! వాడి జేబులోనే పెట్టి పంపావు. "ఆవిణ్ణి నిలదీసి అడుగు, మొహమాటపడితే నెత్తికెక్కి కూర్చుంటారు" అని రాశావు. ఆ కాగితం ఇప్పుడు నా ముందుంది. నీ గుండ్రటి అక్షరాలు. పదిసార్లు చదివాను, ఎక్కడైనా నీ చెయ్యి వణికిందేమోనని. ఎక్కడా వణకలేదు.

నువ్వు చెప్పావని వెళ్లి నిలదీశాను. పాలకేంద్రం దగ్గర పొద్దున ఇరవై మంది క్యాన్లతో వరసలో ఉండగా, ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. "పాచిపోయిన మందు పొడిచి మా కొంప ముంచావు, నీ చేతులు విరగ" అన్నాను. అలాంటి మాట నా నోట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆవిడ గొంతు పెంచలేదు. "మూత తీసి మీకే చూపించాను కదమ్మా" అంది. చిన్నోడు నా వెనకే ఉన్నాడు, మన పాలక్యాను పట్టుకుని. ఒక్క అడుగు ముందుకేస్తే చాలు. వాడు క్యాను మూత బిగించుకుంటూ నిలబడ్డాడు.

అప్పట్నుంచి ఆవిణ్ణి ఎవరూ పిలవడం లేదు. కేంద్రం వాళ్లు టీకాలేసేవాళ్ల జాబితాలోంచి పేరు తీసేశారు. పదహారేళ్లు ప్రతి గుమ్మం తొక్కి కోళ్లని బతికించిన మనిషి ఇప్పుడు బట్టల దుకాణంలో పొద్దస్తమానం చీరలు మడతలు పెడుతోంది. బుధవారం ఆ దుకాణానికి వెళ్లాను. నిజం చెప్పి కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. "ఇక్కడ నా చెవిలో చెప్తే ఏం లాభమమ్మా? తిట్టింది ఇక్కడ కాదు కదా" అంది. మళ్లీ మడత అందుకుంది.

ఇంటికొచ్చి చిన్నోడితో చెప్పాను, శనివారం లోపల నువ్వే వెళ్లి పాలకేంద్రం దగ్గర ఒప్పుకో అని. అందుకే నీకు ఉత్తరం ఆపింది. వాడు ఒప్పుకుంటే నీకు వేరే ఉత్తరం రాద్దామనుకున్నాను. ఇవాళ పొద్దున వాడు కొత్త ఉద్యోగం చొక్కాకి ఇస్త్రీ చేసుకుంటూ అన్నాడు, "ఇప్పుడు చెప్తే వ్యాను తాళాలు ఇవ్వరక్కా. అమ్మ కూడా ఊరుకోమంది." ఒకటో తారీఖు నుంచి ఆ వ్యానులో మందులు, టీకాలు చుట్టుపక్కల ప్రతి ఇంటికీ వెళ్తాయి. అవన్నీ వాడి చేతుల మీదుగానే.

నువ్వేమంటావో నాకు తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటావు. పడనీ అమ్మా. ఇన్నాళ్లూ అది ఆవిడ కాళ్ల మీద పడి ఉంది. ఒక్కగానొక్క మగపిల్లాడు, ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాడంటావు. నిజమే. నేనూ నీ కడుపున పుట్టినదాన్నే. వాడి అబద్ధం దాచడానికి నన్నే ఎదరికి తోశావు. చిన్నోడు చేసింది పిరికి పని, దానికి నాలుగు రోజులు కోపం ఉంటుంది, పోతుంది. నువ్వు చేసిందానికి ఏమని పేరు పెట్టుకోవాలో తెలియడం లేదు. కంచే చేను మేసిందని ఊళ్లోవాళ్ల గురించి ఎన్నిసార్లు అనలేదు మనం, చాటలో బియ్యం పోసుకుని కూర్చుని.

రేపు ఆదివారం, పాలకేంద్రం దగ్గర అందరూ ఉంటారు. నేనన్న ప్రతి మాటకీ తప్పు నాదేనని గట్టిగా చెప్తాను. మంచు సంగతీ చెప్తాను, ఎవరు నింపారో కూడా. మీ అల్లుడుగారు తోడు వస్తానన్నారు. "నీ నోరు నాకు తెలుసు, మధ్యలో ఏడుపొస్తే మిగతాది నేను చెప్తా" అన్నారు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అయిపోయి ఉంటుంది, ఆపడానికి వీల్లేదు.

చెల్లి దగ్గర పని అయ్యాక ఇక్కడికి వచ్చేయనా అని కూడా అడిగావు. దానికి ఇప్పుడు జవాబు చెప్పలేను. నువ్వు నాకు ఉత్తరం రాయకు. ముందు ఆవిడకి రాయి. నీ గుండ్రటి అక్షరాలతో, నీకు ఎప్పట్నుంచి తెలుసో అది రాయి. ఆవిడ దగ్గర్నుంచి నీకు జవాబొచ్చిన రోజున నాకు రాయి.

అడ్రసు: టీకాలక్క, పాలకేంద్రం వెనక సందు, నీలం తలుపు ఇల్లు.

ఇట్లు,
నువ్వు నిలదీయమంటే నిలదీసిన
నీ పెద్ద కూతురు