గాలి మింగే చేప

ఆగస్టు 4, 1990. అర్దియా

ఇరాకీ సైన్యం ఈ దేశంలోకి చొరబడి రెండు రోజులు. నాన్నకు పని ఇచ్చిన కఫీల్ కుటుంబం పొద్దున్నే సౌదీకి వెళ్లిపోయింది. వాళ్ల డ్రైవర్ మా నాన్న. మేముండేది పెరటి గదిలో. ఇల్లు, తాళంచెవి, హాల్లోని గార్ చేప, అన్నీ ఇక నాన్న దగ్గర అమానత్ అట. అమానత్: నమ్మి అప్పగించినది. ఇవాళ్టి కొత్త మాట.

ఆగస్టు 6

స్కూల్ లేదు. అక్వేరియం పక్కన చేపల పుస్తకం దొరికింది. డిక్షనరీ పెట్టుకుని చదువుతున్నాను. గార్ రాక్షసబల్లుల కాలం నుంచీ ఇలాగే ఉందట. పొడుగు మూతి, సూదుల్లాంటి పళ్లు, కత్తి దిగని పొలుసులు. అమెరికాలో మెల్లగా పారే నదుల్లో, నాచు మడుగుల్లో కట్టెముక్కలా పడి ఉంటుందట. ప్రిమిటివ్ అంటే ఆదిమం. ఆదిమం, ఆదిమం అని పదిసార్లు రాసుకున్నాను. ఎంత బాగుంది!

ఆగస్టు 15

మా వీధిలో కరెంటు పోయి రెండు రోజులు. అక్వేరియంలో గాలి పంపు ఆగింది. చిన్న చేపలన్నీ చచ్చి తేలాయి. గార్ మాత్రం పైకొచ్చి గాలి మింగి పోతోంది. దాని గాలితిత్తి ఊపిరితిత్తిలా పనిచేస్తుందట. అమ్మకు చెప్పాను. మనకంటే అదే మేలు, గాలి తాగి బతుకుతాంది అంది.

ఆగస్టు 29

క్యూలో ఐదు గంటలు. నాలుగు ఖుబ్బూస్ రొట్టెలు. అల్ రాయ్‌లో వర్క్‌షాపు మూతపడి చిన్నపుల్లయ్య మామ మా దగ్గరే ఉంటున్నాడు. ఆ చేపను కోసి పులుసు పెట్టక్కా, పుణ్యముంటాది అన్నాడు. నాన్న రొట్టె వదిలేసి లేచిపోయాడు. నేను పుస్తకం చూశాను. మాంసం తినొచ్చు. గుడ్లు విషం. మామకు ఆ సంగతి చెప్పాను.

సెప్టెంబరు 8

జోర్డాన్‌కు బస్సులు పెట్టారట. నాన్న కదలడు. ఆ చేపను పెండ్లి చేసుకోని నువ్వీడనే ఉండయ్యా, మేం పోతాం అని అమ్మ.

సెప్టెంబరు 12

లేచి మళ్లీ పడుకున్నాను. పుస్తకం తెరవలేదు.

సెప్టెంబరు 13, సాయంత్రం నాలుగు

పొద్దున ఇరాకీ సైనికులొచ్చారు. నలుగురు. అక్వేరియానికి అడ్డం నిలబడితే నాన్నను తుపాకీ మడమతో కొట్టారు. పెదవి చిట్లింది. గార్‌ను బయటికి లాగారు. నేల మీద కూడా చాలాసేపు గాలి మింగింది. కోస్తే పొట్ట నిండా గుడ్లు. అందరికంటే చిన్నవాడు వాటిని జాగ్రత్తగా గిన్నెలోకి తీశాడు.

సమ్: విషం. స్కూల్లో నేర్చుకున్న అరబిక్ మాట. నోటిదాకా వచ్చింది. మామ నా చెయ్యి నొక్కి, గమ్మునుండు పాపా, తిని చావనీ అన్నాడు.

నాన్న పెదవి చూసి గమ్మునున్నాను.

గుడ్లు టమాటా వేసి వేయించారు. ఆ చిన్నవాడు మొదటి ప్లేటు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. ముందు మీరు తినండని సైగ చేశాడు. అమ్మకు ఏమీ తెలియదు. రొట్టె తుంచి అద్దుకుంది.

సమ్ అని అరిచాను.

పుస్తకం చూపించాను. ఆ చిన్నవాడు గుడ్లన్నీ బయట పారబోసి వచ్చి నాకు షుక్రన్, థాంక్స్ అని చెప్పాడు.

సెప్టెంబరు 27. జోర్డాన్, గుడారం

నాన్న మొలతాడుకు ఇంకా ఆ తాళంచెవి ఉంది. నా బిడ్డ అందర్నీ బతికించిందని అమ్మ పక్క గుడారాల వాళ్లకు చెబుతోంది. ఆ ప్లేటు మాకు ఇవ్వకపోతే నేను నోరు తెరిచేదాన్ని కాదు. కొత్త మాట: లేదు.