బండ మీద లేని రాయి

ఉయ్యూరు,
1-2-1944

ప్రియమైన రత్నానికి,

క్షేమంగా చేరాను. బెజవాడలో ఎక్కిన, బొగ్గుతో నడిచే బస్సు రెండుసార్లు ఆగిపోయింది, జనమంతా దిగి తోశాం. కంకిపాడు దాటాక మళ్ళీ అదే చదును నేల. ఎటు చూసినా చెరుకు, కాలవ గట్టు, మళ్ళీ చెరుకు. ఫ్యాక్టరీ గొట్టం తప్ప తలెత్తి చూడవలసింది ఏదీ లేదిక్కడ.

మా హెడ్డు గుమాస్తా రామకోటేశ్వరరావు గారు, "మీ కొండపల్లి కొండల్లో ఏముందయ్యా, రాళ్ళూ రప్పలేగా" అన్నారు. ఒళ్ళు మండింది నాకు. కోట దారిలో రాతిమెట్లు, గట్టు దారిలో మొలలోతు గడ్డి, పైకెక్కితే కనబడే కృష్ణ, వాగు దారిలో ఎండ చొరని వెదురు, అన్నీ చెప్పాను. ఊరి చివర బండ మీద మూడు దార్లకీ మూడు గీతలున్నాయనీ, కొండెక్కేవాడు తను పోయే దారి గీత మీద తన గుర్తు రాయి పెట్టి వెళతాడనీ, దిగాక తీసి ఇంటికి తెచ్చుకుంటాడనీ, పొద్దుగూకినా రాయి అక్కడే ఉంటే ఊరంతా వెతకడానికి బయల్దేరుతుందనీ చెప్పాను. "బాగుందయ్యా, మన హాజరు పట్టీ లాగా" అని నవ్వారాయన.

నాన్న ఇంటికొచ్చారా? నిన్న నాతో మాటా మాటా అనుకుని గొడ్డలి పుచ్చుకుని పోయిన మనిషి, నేను బయల్దేరేదాకా రానేలేదు. బొమ్మల పాకలోనే అలిగి పడుకుని ఉంటారు. కొడుకు పొణికి కర్రతో బొమ్మలు చెక్కడం మాని చెరుకు బళ్ళు తూస్తున్నాడని ఆయన బాధ. ఈ ఏడు రెండుసార్లు రాయి తీసుకోవడం మరిచి, పాకలో హాయిగా నిద్రపోతూ ఊరందరినీ కొండెక్కించారు. అందరూ నవ్వుతున్నారు. ఆయన మతిమరుపు సంగతి నలుగురిలో రానీయకు.

నీ
సత్యం

కొండపల్లి,
3-2-1944

ప్రియమైన మీకు,

ఉత్తరం అందింది. మీ చెరుకు కష్టాలు తర్వాత వింటాను గాని, మామయ్య గారు మీ దగ్గరికి వచ్చారా?

ఇక్కడ లేరండీ. సోమవారం పొద్దుగూకాక పాకలోనే ఉన్నారనుకుని బండ చూడ్డానికి ఎవరం పోలేదు, తీరా రాత్రి పాకలో కూడా పడుకోలేదట. మంగళవారం మీరు వెళ్ళిన కాసేపటికి బండ దగ్గరికి పరుగెత్తాను. ఆయన తెల్లచార నల్లరాయి లేదు. "రాయి లేదుగా, దిగేశాడు. నీ మొగుడి మీద అలిగి మైలవరంలో చెల్లెలింటికి పోయుంటాళ్ళే" అన్నారు ఊరి పెద్ద బసవపున్నయ్య గారు. నేనూ నమ్మాను. మైలవరం మనిషిని పంపితే అక్కడా లేరని కబురొచ్చింది.

కిందటి వారం ఒక పొణికి చెట్టు దగ్గర ఆయనా, ఆయనలాగే బొమ్మలు చెక్కే చౌడయ్య మామా "నాదంటే నాద"ని కేకలేసుకున్నారు. ఆ కోపంలో మీ దగ్గరికే వచ్చేశారేమోనని నా ఆశ. కానీ గొడ్డలి ఇంట్లో లేదు. ఊరికెళ్ళే మనిషి గొడ్డలి పట్టుకుపోతారా? నాకు భయంగా ఉంది. వెంటనే జవాబు రాయండి. సెలవు పెట్టి వస్తే మరీ మంచిది.

మీ
రత్నం

ఉయ్యూరు,
5-2-1944

ప్రియమైన రత్నానికి,

నాన్న ఇక్కడికి రాలేదు. నువ్వు గాభరా పడకు. ఆయనకేమీ కాదు. చెరుకు ఆడే రోజులు కావడాన సెలవు అడిగితే మేనేజరు కసురుకున్నాడు.

ఒక్క మాట. ఎందుకైనా మంచిది, వాగు దారి ఒకసారి చూడమను. చిరుత తిరుగుతోందని ఈ చలికాలం ఆ దారి ఎవరూ తొక్కడంలేదు కదా, అందుకని. ఊరికే అనిపించింది. నేను రాశానని చెప్పకు. నీకే తోచినట్టు చెప్పి మనుషుల్ని పంపు. వేళకి తిను.

నీ
సత్యం

కొండపల్లి,
25-2-1944

ప్రియమైన మీకు,

కర్మలు ముగించుకుని మీరు వెళ్ళి నాలుగు రోజులైంది. మీరున్నన్నాళ్ళూ ఇల్లంతా జనం. చెప్పలేకపోయినవి ఇప్పుడు రాస్తున్నాను.

ఆ సోమవారం మీ ఉత్తరం అందగానే బసవపున్నయ్య గారినీ చౌడయ్య మామనూ వాగు దారిన పంపాను. ఇంట్లో కూర్చోలేక నేనూ వెనకే పోయాను. వెదురు దాటాక వాగు మలుపులో ఉన్నారు మామయ్య గారు. ఆయన నరికిన దుంగ ఆయన కాలి మీదే పడింది. చేతికందే దూరంలో నీళ్ళు. చౌడయ్య మామ ఒళ్ళు తాకి చూసి, "నిన్ననే పోయాడమ్మా" అని కూలబడ్డాడు. అంటే ఆరు రోజులు బతికున్నారండీ! ఆయన పోయారని మీకిచ్చిన తంతిలో ఈ మాట ఇవ్వలేదు. మీరు వచ్చాకా చెప్పడానికి నోరు రాలేదు.

చుట్టూ చెక్కపొట్టు. ఒళ్ళో బొమ్మ. రెండెడ్ల బండి, బండి నిండా చెరుకు గడలు. ఆ గడలకి కణుపులు కూడా తీర్చారు. చెరుకు పేరెత్తితే కస్సుమనే మనిషి! చక్రాలొక్కటే మిగిలిపోయాయి. బండ మీద రాయి చూసి ఇవాళ వస్తారు, రేపు వస్తారని నమ్మకంగా చెక్కుతూ కూర్చున్నారు.

పదకొండో రోజున పెద్దలు బండ దగ్గర కూర్చున్నది మీకు తెలుసు. చెట్టు తగాదా కసితో చౌడయ్య మామే రాయి తీశాడన్నారు. ఆయన రాయి ఆయన కళ్ళముందే పగలగొట్టారు. ఇక ఆయన కొండెక్కకూడదు. మామ ఒక్క మాటా అనలేదు. మీరూ తల వంచుకునే ఉన్నారు. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్నారు పాపం అనుకున్నాను.

నిన్న పెట్టె సర్దుతుంటే మీ ఉత్తరం చేతికొచ్చింది. మూడు దార్లుండగా వాగు దారేనని మీకెలా తెలిసింది? బండ మీద రాయి ఏ గీత మీదుందో చూసిన మనిషికే అది తెలుస్తుంది. నాకు నిజం కావాలి. తీపి మాటలు రాశారంటే చదవను.

మీ
రత్నం

ఉయ్యూరు,
28-2-1944

రత్నానికి,

రాయి నా దగ్గరే ఉంది. ట్రంకు పెట్టెలో, పంచెల కింద.

మంగళవారం స్టేషనుకి పోతూ ఒకసారి కొండ చూసుకుందామని బండ దాకా వెళ్ళాను. నాన్న రాయి వాగు గీత మీదుంది. మళ్ళీ మరిచిపోయారు, మూడోసారి ఊరందరి చేతా నవ్వించుకుంటారు అనుకుని తీసి జేబులో వేసుకున్నాను. పాకలో తొంగిచూసి ఇచ్చిపోదామనే అనుకున్నాను. ఇంతలో రైలు కూత వినబడింది. నాన్నని మళ్ళీ పలకరించాలంటే మొహం చెల్లక, ఆ కూత వంక పెట్టుకుని పరుగెత్తాను. బస్సులో జేబు తడుముకుని నవ్వుకున్నాను కూడా.

నీ ఉత్తరం శుక్రవారం సాయంత్రం అందింది. గొడ్డలి లేదని చదవగానే ఆయన ఇంకా కొండ మీదే ఉన్నారని అర్థమైంది. తంతి ఆఫీసు వాకిట్లోకి రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చాను. ఏమని ఇవ్వను? రాయి నేనే తీశానని ఇస్తే ఇక్కడి పోస్టుమాస్టరు చదువుతాడు, అక్కడ ఊరంతా చదువుతుంది. మర్నాడు ఉత్తరం రాశాను. మేనేజరుని సెలవు అడగనే లేదు. మధ్యలో ఆదివారం టపా ఉండదని తెలిసి కూడా ఉత్తరమే రాశాను. తంతి ఇచ్చి ఉంటే శనివారానికి అందేది. ఆదివారం దాకా ఆయన బతికే ఉన్నారని నువ్వు రాసిన ఆ మాట రోజూ తీసి చదువుకుంటున్నాను.

చౌడయ్య బాబాయి రాయి పగులుతుంటే లేవబోయాను. మళ్ళీ కూర్చున్నాను. నేను పిరికివాణ్ణి రత్నం. ఇంతకంటే రాయలేను. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

సత్యం

కొండపల్లి,
2-3-1944

మీకు,

ఉత్తరం చదివి పొయ్యి ముందే కూర్చుండిపోయాను. అన్నం మాడినా లేవలేదు. మంగళవారం నాటి పనికి మిమ్మల్ని ఏమీ అనలేను. ఆ పొద్దున మీ చోట నేనున్నా, మామయ్య గారు నవ్వులపాలు కాకూడదని ఆ రాయి తీసేసేదాన్నేమో. శుక్రవారం నాటిది మాత్రం నా వల్ల కావడంలేదు. ముందు ముందు ఏమవుతుందో నాకు తెలియదు.

మీ ఉత్తరం కొంగున ముడేసుకుని చౌడయ్య మామ ఇంటికి వెళ్ళాను. చదవబోతే చెయ్యడ్డం పెట్టాడు.

"నాకు తెలుసమ్మా. ఆ పొద్దున మీ ఆయన బండ మీద రాయి తీసి జేబులో ఏసుకోటం చూశా. మీ మామ వీరభద్రుడు కొండ దిగొచ్చాడు కామోసు, కొడుకు చేత తెప్పిచ్చుకుంటన్నాడు అనుకున్నా. అందుకే కొండ ఎతకమని నేనూ అనలా. వాగు కాడ వాణ్ణి చూశాక గాని నాకు అర్థం కాలా."

"మరి మీ రాయి పగలగొడుతుంటే నోరెందుకు విప్పలేదు మామా?"

"తండ్రికి పిండం పెట్టేవాణ్ణి పీట మీంచి లేపమంటావా? వాడే చెబుతాడని చూశా. ఇంకా చూస్తన్నా."

అంతే అన్నాడు. మామయ్య గారు వదిలిపోయిన బొమ్మ బండికి చక్రాలు చేసిపెట్టమని అడిగాను. రాయి లేనివాణ్ణి, పొణికి ముట్టకూడదన్నాడు. కొండ వైపు తలుపు మూసేసి కూర్చుంటున్నాడండీ ఆ మనిషి.

ఆదివారం పొద్దుటి రైలుకి రండి. ముందు ఇంటికి రావద్దు, నేరుగా బండ దగ్గరికి రండి. పెద్దలందరినీ అక్కడికి పిలిపిస్తాను. ఎందుకో నేను చెప్పను. ఆ మాట మీ నోటితోనే రావాలి. పొద్దుగూకేదాకా నేను అక్కడే ఉంటాను.

రాయి మరిచిపోకండి.

రత్నం